బొటనవేలు బొమ్మ పంపే ముందు

(ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో జరిగిన సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున తార్నాకలో బస్సు దిగి, క్యాంపస్‌కు నడిచే ముందు చాయ్ కోసం ఆగాను. పక్కన ఒక విద్యార్థి నిలబడి ఉన్నాడు. వచ్చే నెల నుంచి కిరాయి వెయ్యి పెంచుతున్నానని గది ఓనర్ అతనికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. పిల్లవాడు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పంపి ఫోన్ జేబులో వేసుకున్నాడు. "ఒప్పుకున్నావా తమ్మీ?" అంటే, "లేదు అంకుల్, చూసిన అని పెట్టిన" అన్నాడు. ఆ సంగతి ఓనర్‌కు ఎట్లా తెలుస్తుంది?

నవ్వకండి. మనమూ అదే చేస్తున్నాం. కెనడాలో ఒక రైతుకు ఈ బొమ్మ ఎంత ఖరీదైందో చెబుతాను.

సస్కాచెవాన్ అనే రాష్ట్రంలో అవిసెలు పండించే రైతు ఆయన. 2021 మార్చిలో ధాన్యం కొనే కంపెనీ మనిషి ఆయనతో ఫోన్‌లో మాట్లాడాడు. తర్వాత తాను సంతకం చేసిన ఒప్పంద పత్రాన్ని ఫోటో తీసి పంపి, ఖాయం చేయమని రాశాడు. సరుకు దాదాపు 87 టన్నులు, ధర బుషెల్‌కు, అంటే మన లెక్కలో సుమారు 25 కిలోలకు, 17 డాలర్లు. నవంబర్‌లో తోలాలి. రైతు బొటనవేలు బొమ్మ పంపాడు. నవంబర్ వచ్చేసరికి బయట ధర 41 డాలర్లకు చేరింది. ఆయన సరుకు తోలలేదు. కంపెనీ కోర్టుకు పోయింది.

పత్రం అందిందని మాత్రమే బొమ్మ పెట్టానని, పూర్తి షరతులు తర్వాత వస్తాయనుకున్నానని రైతు వాదించాడు. 2023లో జడ్జి ఒప్పుకోలేదు. 82 వేల డాలర్లకు పైగా, మన సొమ్ములో సుమారు 50 లక్షల రూపాయలు, కట్టమన్నాడు. 2024 డిసెంబర్‌లో పై కోర్టూ ఆ తీర్పునే నిలబెట్టింది, ఒక జడ్జి మాత్రం విభేదించాడు. ఇందులో మనం పట్టుకోవలసిన సంగతి ఒకటుంది. అంతకుముందు ఆ రైతు ఇదే కంపెనీ పత్రాలకు 'ఓకే', 'బాగుంది' అని రెండు ముక్కలు పెట్టి, ప్రతిసారీ సరుకు తోలాడు. ఆ అలవాటే ఆయన మీద సాక్ష్యం చెప్పింది.

అక్కడి చట్టం ఇలాంటి అమ్మకానికి సంతకం అడుగుతుంది. బొమ్మ సంతకమవుతుందా అన్నదే అక్కడ పెద్ద గొడవ. మన 1930 సరుకుల అమ్మకం చట్టం అదీ అడగదు. నోటిమాట చాలు, ఇద్దరి నడవడిక చూసి కూడా అమ్మకం కుదిరిందని అనుకోవచ్చు. 1872 కాంట్రాక్టు చట్టమేమో, ఒప్పుకోలు అందరూ వాడే సబబైన పద్ధతిలో తెలిపితే సరిపోతుందంటుంది. ఫోన్‌లో జరిగిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లదనడానికి లేదని ఐటీ చట్టం 10ఏ సెక్షన్ చెబుతోంది. అంటే మనకు ప్రమాదం ఇంకా దగ్గరే.

అయితే ప్రతి బొటనవేలూ ఒప్పుకోలు కాదు. ఒక అధికారి హత్య వార్త వాట్సాప్ గ్రూపులో వస్తే, రైల్వే రక్షక దళం కానిస్టేబుల్ ఒకరు ఈ బొమ్మ పెట్టారు. హత్యకు సంతోషించాడని ఉద్యోగంలోంచి తీసేశారు. 2024లో మద్రాస్ హైకోర్టు, అది చూశానని తెలిపే గుర్తు కూడా కావచ్చని ఆయన పక్షాన నిలిచింది. బొమ్మ ఒక్కటే. ఎవరికి, దేనికి జవాబుగా పంపామన్నదే తేడా.

నా అనుభవమూ చెబుతాను. నిరుడు మక్కలు అమ్మేటప్పుడు వ్యాపారి రాత్రి పది గంటలకు రేటు పంపాడు. కింద చిన్నగా, క్వింటాల్‌కు 2 కిలోల తరుగు అని ఉంది. నేను అద్దాలు లేకుండా చూసి బొటనవేలు పెట్టాను. మర్నాడు కాంటా దగ్గర తరుగేంటని అడిగితే ఫోన్ చూపించాడు. 60 క్వింటాళ్లకు 120 కిలోలు పోయాయి. మా నాయన వడ్డీ వ్యాపారి నోటు మీద వేలు వేసే ముందు నలుగురితో చదివించుకునేవాడు. నేను చదువుకున్నవాణ్ణి కదా!

ఈ బొమ్మను మనమే వాడుకోవచ్చన్నది నా రెండో మాట. రేటు, తూకం, తేమ, తరుగు, డబ్బు ఇచ్చే తేదీ మీరే రాసి పంపండి. కొనేవాడిని బొటనవేలు పెట్టమనండి. విత్తనోత్పత్తి చేసేవాళ్లు ఆర్గనైజర్ చెప్పిన మాటలన్నీ ఇట్లాగే రాసి పంపండి. ఆయన బొటనవేలు మీ చేతిలో ఉంటే, రేపు పంట తప్పినా, రేటు పడినా అడగడానికి ఆధారముంటుంది. ఆ ఫోన్ మార్చేయకండి, సంభాషణ చెరిపేయకండి, మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే ఏర్పాటు ఉంటే తీసేయండి. ఫోన్ తెర ఫోటో ఒక్కటి చాలదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం దానికి ధ్రువీకరణ పత్రం జతచేయాలి. అప్పుడు వకీలు దగ్గరికి వెళ్లండి. నిజమే, కంపెనీకి కోర్టు ఖర్చు లెక్క కాదు, మనకు పంట డబ్బంతా అందులోనే పోతుంది. అందుకే ఒక్కడిగా కాక సంఘం ద్వారా పొమ్మంటున్నాను.

మొన్న అదే వ్యాపారి మళ్లీ రేటు పంపాడు. నేను ఇట్లా రాశాను: "చూసిన. ఇంకా ఒప్పుకోలేదు. తరుగు ఎంతో, డబ్బులు ఏ రోజు ఇస్తవో రాసి పంపు." రెండు రోజులైంది, జవాబు లేదు.