ఫ్యాన్లు వానను తరిమేస్తాయా?



పెనుకొండ, ధర్మవరం వైపు బస్సులో వెళ్లేవాళ్లకు కొండల మీద బారులు తీరిన తెల్లటి గాలిమరలు కనిపిస్తాయి. ఊళ్లలో చాలామంది వాటిని ఫ్యాన్లనే అంటారు. రామగిరి కొండల మీద ఇవి 1990ల నుంచే తిరుగుతున్నాయి. వాటితో పాటే ఆ చుట్టుపక్కల ఒక మాటా తిరుగుతోంది: ఫ్యాన్లు వచ్చాకే మబ్బు నిలవడం లేదు, ఇవి వానను తరిమేస్తున్నాయి అని.

ఈ మాటను నవ్వి కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. రైతు కళ్లతో చూసింది నిజమే. ఆషాఢంలో పడమటి నుంచి మబ్బులు కమ్ముకొస్తాయి, ఈడ్చికొట్టే గాలి వీస్తుంది, చుక్క మాత్రం రాలదు. వేరుశనగ వేసి ఆకాశం వంక చూసే మనిషికి ఎదురుగా గిర్రున తిరుగుతున్నది ఆ ఫ్యానే. దానిమీద అనుమానం రాకపోతేనే వింత.

అసలు సంగతి అక్కడికి మూడు వందల కిలోమీటర్ల పడమట జరుగుతుంది. అరేబియా సముద్రం మీద తేమ నింపుకున్న నైరుతి గాలి పడమటి కనుమలు ఎక్కుతూ చల్లబడి, మోసుకొచ్చిన నీళ్లలో చాలా భాగం అక్కడే కుమ్మరిస్తుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏటా ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. కనుమలు దిగి రాయలసీమ చేరేసరికి గాలికి జోరు మిగులుతుంది, తేమ అంతగా మిగలదు. అనంతపురానికి ఏడాది మొత్తంలో దక్కేది సుమారు 550 మిల్లీమీటర్లే. కరువూ, గాలీ ఒకే తల్లి బిడ్డలు. ఫ్యాన్లు పుట్టక ముందునుంచీ ఇక్కడి వాన ఇంతే. గాలి బాగా దొరికే చోటని ఫ్యాన్లు తర్వాత వచ్చాయి.

ఎత్తులు చూడండి. పెద్ద మర రెక్క కొస కూడా నేల నుంచి రెండు వందల మీటర్లకు అటూ ఇటూ. వానమబ్బు అడుగు మామూలుగా దాదాపు కిలోమీటరు పైన ఉంటుంది. మర వెనక గాలి నెమ్మదించి సుడులు తిరుగుతుంది కానీ కొన్ని కిలోమీటర్లు పోయేసరికి మళ్లీ సర్దుకుంటుంది. ఒక చిన్న ప్రభావం మాత్రం ఉంది. అమెరికాలోని టెక్సాస్‌లో మరలు గుంపుగా ఉన్నచోట రాత్రిళ్లు నేల కాస్త వెచ్చగా ఉంటోందని ఉపగ్రహ కొలతల్లో తేలింది. పైగాలినీ కిందిగాలినీ రెక్కలు కలిపేయడమే కారణం.

మర కిందికి వెళ్లి నిలబడితే రెక్క బద్ధకంగా తిరుగుతున్నట్టే ఉంటుంది. నిమిషానికి పన్నెండు చుట్లు. కానీ అరవై మీటర్ల రెక్క అయితే దాని కొస గంటకు 270 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. సుయ్యి సుయ్యిమనే చప్పుడు దానిదే. గంటకు పది పన్నెండు కిలోమీటర్ల గాలికి మర కదులుతుంది, నలభై దాటాక పూర్తి సామర్థ్యం అందుకుంటుంది. ఈ మధ్యలో గాలి వేగం రెట్టింపయితే అందులో శక్తి ఎనిమిది రెట్లవుతుంది. గాలి తొంభై దాటితే మర రెక్కలను వాలుగా తిప్పుకుని తనంతట తానే ఆగిపోతుంది.

వేగానికి ఇంత విలువ గనుకే స్తంభాల ఎత్తు పెంచుతున్నారు. నేల దగ్గర చెట్లూ గుట్టలూ గాలిని పట్టి లాగుతాయి, పైన ఆ అడ్డు తక్కువ. చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థ అంచనాలో ఆంధ్రప్రదేశ్‌కు వంద మీటర్ల ఎత్తులో దొరికే సామర్థ్యం 44 వేల మెగావాట్లు, నూట యాభై మీటర్ల ఎత్తులో లక్షా 23 వేలు. ఇప్పటిదాకా పెట్టింది నాలుగు వేల పైచిలుకే. దేశం మొత్తం మీద 2025 మార్చికి యాభై వేలు దాటింది.

అయితే ఈ గాలి ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. మిగతా నెలల్లో సోలారు తోడుండాలి, కరెంటు దాచే ఏర్పాటూ ఉండాలి. నంద్యాల జిల్లా పిన్నాపురం పథకం అందుకే: మిగులు కరెంటుతో నీళ్లను పై జలాశయానికి ఎక్కిస్తారు, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు.

మీ ఊరి కొండ మీదికి ఫ్యాన్లు వస్తున్నాయంటే గ్రామసభలో వాన గురించి అడగకండి. భారీ రెక్కలు ఎక్కించడానికి కొండను తొలిచి వేసే రోడ్డు గురించి అడగండి. ఏ వంకకు అడ్డం పడుతుంది, తూములు ఎక్కడెక్కడ పెడతారు, చెరువులోకి వచ్చే నీళ్లు ఎటు మళ్లుతాయి అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.