స్థూలకాయ శస్త్రచికిత్స పిదప

స్థూలకాయ నివారణకై విజయవాడలోనో హైదరాబాదులోనో జీర్ణాశయమును కుదింపించుకొని జగ్గయ్యపేటకో నందిగామకో మరలివచ్చినవారికి, తొలి వారములలో జ్వరమో, కడుపునొప్పియో, ఎడమ భుజమున పోటో, విశ్రాంతిలో సైతము నిమిషమునకు 120ని మించిన నాడివేగమో కనిపించినచో, అది కుట్లవద్ద స్రావమునకు సూచన కావచ్చును గనుక, గ్యాసుమాత్రలతో ఒక్క రాత్రియైనను గడపక, 108కు ఫోను చేసి, శస్త్రచికిత్స పత్రములతో ఆసుపత్రికి బయలుదేరవలెను.

ఎడతెగని వాంతులను గూర్చి మరింత గట్టిగా చెప్పవలసియున్నది. వాంతులు ఆగనిచో దేహమునందలి థయామిన్, అనగా బి1 విటమిను, కొద్ది వారములలోనే అడుగంటును. అట్టి స్థితిలో నీరసమని గ్లూకోజు మాత్రమే ఎక్కించి, ఆ విటమిను ఇంజెక్షను ముందుగా ఈయనిచో మెదడు దెబ్బతినవచ్చును. కావున స్థానిక వైద్యునికి మీ శస్త్రచికిత్స సంగతి మొదటనే తెలుపుడు. ఈ శస్త్రచికిత్సలలో ఒక రకమైన గ్యాస్ట్రిక్ బైపాస్ జరిగినవారికి సంవత్సరముల తరువాతనైనను మెలిపెట్టు నొప్పి వచ్చిన, ప్రేగు చిక్కుకొనియుండవచ్చును.