హెర్నియా శస్త్రచికిత్స: ముందు వెనుకలు

మా వైద్యశాలకు వచ్చువారిలో కొందరు తమ వంతు వచ్చినను లేవరు. వెనుకనున్నవారిని ముందుకు పంపి, తాము చిట్టచివరకు లోపలికి వత్తురు. వచ్చి, తలుపు మూసి, నడుము నొప్పి యనియో, అజీర్ణ మనియో ఏదో చెప్పుదురు. పరీక్షించి పంపబోవునంతలో గుమ్మముకడ నిలిచి, “ఇంకొక్క మాటండీ” యందురు. ఆ ఒక్క మాట కొరకే వారు వచ్చిరని మాకు అప్పటికి తెలిసియే యుండును. గజ్జలో చిన్న ఉబ్బు. దగ్గినపుడు బయటపడును, పండుకొనిన లోనికి పోవును. ఎంతకాలమైనదని అడుగగా రెండేండ్లనియు, ఐదేండ్లనియు చెప్పుదురు. ఇంటి ఇల్లాలికి సైతము చెప్పియుండరు.

శస్త్రచికిత్స చేయు మావంటివారికి ఇది నిత్యపరిచితమైన వ్యాధి. అయినను ఇండ్లలో దీనిని గురించి మాటలాడుకొనుట అరుదు. చెప్పుటకు సిగ్గు, చెప్పినచో కత్తి తప్పదను భయము. కావున ఆపరేషనుకు ముందు మొదలు, మరల పనిలో చేరు దినమువరకు ఏమేమి జరుగునో, వానిలో ఏది సహజమో, ఏది కాదో నేడు వరుసగా మనవి చేయదలచితిమి.

ఉదరమునకు ముందువైపున కండరములతోను, గట్టి పొరలతోను ఏర్పడిన గోడ యొకటి కలదు. మగశిశువు తల్లి గర్భమున నున్నపుడు వృషణములు కడుపులోనుండి గజ్జల మీదుగా క్రిందికి దిగును. అవి దిగిన దారి ఆ గోడలో బలహీనస్థలముగా మిగిలిపోవును. సైకిలు టైరు ఒకచోట చీలినచో లోపలి ట్యూబు అక్కడ బుడిపెవలె పొడుచుకొని వచ్చుట మనమందరము చూచినదే. అటులే దగ్గు, ముక్కుట, బరువు లెత్తుట మున్నగువాని ఒత్తిడికి కడుపులోని పొరయు, దానితో క్రొవ్వో ప్రేగో బయటికి త్రోసికొని వచ్చును. ఇదియే గజ్జలోని హెర్నియా. జనులు దీనిని ‘ప్రేగు జారుట’ యందురు. ఆయుర్వేదమున ఆంత్రవృద్ధి యని పేరు. జీవితకాలములో ఎప్పుడో ఒకప్పుడు పురుషులలో నూటికి 27 మందికి, స్త్రీలలో నూటికి ముగ్గురికి ఇది కలుగునని అంచనా. ఇంతమందికి వచ్చుదానిని గురించి సిగ్గుపడవలసిన పనియేమున్నది?

బోదకాలు గల ప్రాంతములలో చాలమంది దీనిని వరిబీజముగా పొరబడుదురు. వరిబీజమున చేరునది నీరు. అది వృషణముచుట్టు నిలిచియుండును, పండుకొనినంతమాత్రమున లోనికి పోదు. రెండింటి చికిత్సయు వేరు. ఏది యేదో వైద్యుడు చేతితో తాకి, దగ్గించి చూచి చాలవరకు చెప్పగలడు.

మాత్రలచేత గాని, లేపనములచేత గాని ఈ రంధ్రము పూడదు. నడికట్టు బిగించినచో ఉబ్బు కొంత అణగియుండునేగాని గోడ అతుకుకొనదు. అట్లని ఉబ్బు కనబడిన మరునాడే అందరును ఆపరేషను బల్ల ఎక్కవలెనని కాదు. 2006లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, బాధ లేని, లేదా స్వల్పముగా గల 720 మంది పురుషులను రెండు భాగములుచేసి, ఒక భాగమువారికి ఆపరేషను చేసి, రెండవవారిని కనిపెట్టి చూచిరి. కనిపెట్టి చూచినవారిలో ప్రేగు చిక్కుకొనుట ఏడాదికి వేయిమందిలో ఇద్దరికి మించలేదు. కాని పదేండ్లు గడచునప్పటికి వారిలో ఇంచుమించు మూడింట రెండువంతులమంది, ముఖ్యముగా నొప్పి పెరుగుటచేత, తామే ఆపరేషనుకు వచ్చిరి. కాబట్టి బాధలేని పురుషుడు వైద్యునితో ఆలోచించి వేచియుండవచ్చును, దాచియుండరాదు. స్త్రీలకు గజ్జలో వచ్చు హెర్నియాలో మాత్రము ప్రేగు చిక్కుకొను ప్రమాదము హెచ్చు గనుక, వారిని వేచియుండుమని మేము చెప్పము. పసిపిల్లల గజ్జ హెర్నియా కూడ దానంతటది మానదు.

దాచుకొనినవారి గతి యెట్లుండునో ఒక్క ఉదాహరణము చెప్పుదుము. మార్కెట్టు యార్డులో బస్తాలు మోయు హమాలీ యొకడు నాలుగేండ్లు ఈ ఉబ్బును లంగోటాతో బిగించుకొని పనిచేసెను. ఒకనాడు అది బయటికి వచ్చి, ఎంత నొక్కినను లోనికి పోలేదు. నొప్పి, వెంట వాంతులు. అజీర్ణమని ఇంటివారు వాము కషాయ మిచ్చిరి. రెండు రాత్రులు గడచినవి. మూడవనాడు మాయొద్దకు తెచ్చునప్పటికి కడుపు ఉబ్బి, అపానవాయువు సైతము బంధించి యుండెను. కోసి చూడగా చిక్కుకొనిన ప్రేగు రక్తప్రసారము లేక నల్లబడి యుండెను. మూరెడు ప్రేగు తీసివేయవలసి వచ్చినది. ఆతడు బ్రతికెను గాని, ఒక్క పూటలో ముగియవలసిన చికిత్సకు మూడు వారములు ఆసుపత్రిలో నుండెను. కావున ఉబ్బు గట్టిపడి లోనికి పోకుండుట, నొప్పి హెచ్చుట, వాంతులు, పైచర్మము ఎర్రబడుట – వీనిలో ఏది కనిపించినను తెల్లవారనిమ్మని ఆగక 108కి ఫోను చేయుడు. బలవంతముగా నొక్కకుడు, ఆహారమేమియు పెట్టకుడు.

ఇక ఆపరేషను మాట. 1887లో ఇటలీయందలి పాదువా నగరమున శస్త్రవైద్యుడైన బస్సీని, ఉదరపు గోడ పొరలను చేర్చి కుట్టి బలపరచు పద్ధతిని లోకమునకు తెలిపెను. బహుకాలము అందరమును ఆ దారినే నడచితిమి. కాని చాలని గుడ్డను లాగి కుట్టినచో కుట్టువద్ద బిగువు పుట్టునట్లు, ఆ పద్ధతిలో నొప్పియు, వ్యాధి తిరుగబెట్టుటయు కొంత హెచ్చుగా నుండెడివి. 1989లో అమెరికాలో లిక్టెన్‌స్టీన్ బృందము, లాగి కుట్టుటకు మారుగా, సన్నని పాలిప్రొపిలీన్ వలను ఆ స్థలమున పరచి కుట్టు పద్ధతిని ప్రకటించెను. వల కన్నులలోనికి శరీరపు కణజాలము పెరిగి గోడ గట్టిపడును. వల యనగా భయపడువారు పెక్కురు. మహారాష్ట్రమున డాక్టరు టోంగావ్‌కర్ సామాన్యమైన దోమతెర వస్త్రమునే శుద్ధిచేసి పేదలకు వాడి చూపెను. ఉగాండా దేశమున 302 మంది పురుషులపై జరిగి 2016లో వెలువడిన పరీక్షలో, ఏడాది గడచినను అట్టి వలకును, ఖరీదైన వలకును చెప్పుకోదగిన తేడా కానరాలేదు. వెలను బట్టి వల మంచిదని యెంచనక్కరలేదు. చిన్న రంధ్రములద్వారా గొట్టములు పంపి చేయు లాపరోస్కోపు పద్ధతియు కలదు. అందు నొప్పి కొంత తక్కువ, పనికి త్వరగా పోవచ్చును. కాని సాధారణముగా పూర్తి మత్తు అవసరము.

ఆపరేషనుకు ముందు పొగత్రాగుట మానవలెను. దగ్గు, మలబద్ధము, మూత్రము ధారగా రాకుండుట ఉన్నచో ముందే చెప్పవలెను. ఇవి సరిపడనిచో కొత్త గోడకును అదే ఒత్తిడి తగులును. రక్తము పలుచబరచు మాత్రలు, మధుమేహపు మందులు వాడువారు ఆ సంగతి దాచరాదు. ఇంటివద్ద బ్లేడుతో రోమములు గీయకుడు. గీరిన చర్మమున క్రిములు చేరును. ఆపరేషనుకు ఆరు గంటల ముందునుండి ఆహారము మానవలెను. మంచినీరు సాధారణముగా రెండు గంటల ముందువరకు త్రాగవచ్చును.

బల్లపై పెక్కుమందికి వెన్నులోనికి సూదిమందు ఇత్తురు. నడుము క్రిందిభాగము తిమ్మిరెక్కి బరువుగా తోచును; మెలకువయు, మాటయు ఉండును. కొందరికి గజ్జలో మాత్రమే మత్తునిచ్చి చేయవచ్చును. పని సుమారు గంటలో ముగియును. కాళ్లు మరల కదలుటకు కొన్ని గంటలు పట్టును. ఈలోగా కాళ్లు పోయినవేమో యని దిగులుపడకుడు. కొందరికి మొదట మూత్రము రాదు; అపుడు నర్సమ్మకు చెప్పవలెను గాని బిగబట్టి యుండరాదు. సాయంకాలమునకే లేపి నడిపింతుము. లేచునపుడు ప్రక్కకు తిరిగి, చేతిపై బరువు మోపి లేవవలెను. దగ్గునపుడు అరచేతితో గాయమును ఒత్తిపట్టుకొనవలెను.

మొదటి మూడుదినములు నొప్పి యుండును. ఇచ్చిన మాత్రలు వేళకు వేసికొనుడు. ఓర్చుకొనుట గొప్ప కాదు, నొప్పిచేత నడక మానుటయే చెరుపు. గజ్జయు, వృషణపు సంచియు నల్లగా కమలిపోవచ్చును; రక్తము క్రిందికి దిగుటచే అట్లగును, రెండు మూడు వారములలో పోవును. కుట్టుక్రింద పుల్లవంటి గట్టితనము కొన్ని వారములు తగులును. అది మానుచున్న కణజాలమే. గాయముచుట్టు స్పర్శ కొంత మందగించవచ్చును. స్నానము ఎప్పుడు చేయవచ్చునో మీ వైద్యుడు చెప్పును. తరచుగా రెండవనాడే అనుమతింతుము.

పథ్యమును గురించి మా మాట పెద్దలకు కొంత కష్టము తోపించును. పప్పు తినినచో చీము పట్టునని రోగికి చారన్నము మాత్రమే పెట్టుట మన యిండ్లలో ఆచారము. చీము పట్టించునది పప్పు కాదు, క్రిములు. గాయము మానుటకు పప్పు, గ్రుడ్డు, పాలు, పెరుగు మున్నగు పుష్టికరమైన ఆహారము కావలెను. మలబద్ధము రాకుండ ఆకుకూరలు, పండ్లు, నీరు పుష్కలముగా తీసికొనవలెను. కత్తి తగిలినది గజ్జకు గాని జీర్ణకోశమునకు కాదు.

పూర్వము ఈ ఆపరేషను తరువాత వారములకొలది మంచముపై నుంచెడివారు. ఇప్పుడు ఆ మాట చెల్లదు. కూర్చుండి చేయు ఉద్యోగము గలవారు ఒకటి రెండు వారములలో పనిలో చేరవచ్చును. గట్టిగా బ్రేకు త్రొక్కినపుడు నొప్పి లేనిదే స్కూటరు నడుపరాదు. 2018లో వెలువడిన అంతర్జాతీయ సూచనలు, శరీరము ఓర్చినంతలో మామూలు పనులు వెంటనే మొదలుపెట్టవచ్చునన్నవి. అయినను బస్తాలు మోయువారికి, నాగలి పట్టువారికి నాలుగు మొదలు ఆరు వారములు ఆగుమని మాలో పెక్కురము చెప్పుచున్నాము. కూలిడబ్బుల కష్టము మే మెరుగుదుము. అందుచేతనే పని తక్కువగా నుండు దినములు చూచుకొని, ముందే తేదీ నిర్ణయించుకొనుట మంచిది.

చేదు మాటయు చెప్పవలెను. నూటికి పదిమందికి పైగా మూడు నెలలు దాటినను ఏదో కొంత నొప్పి నిలిచియుండును. అందు పనికి అడ్డుతగులునంతటి బాధ కొద్దిమందికే. వ్యాధి తిరుగబెట్టుట నూటికి కొద్దిమందికి కలదు. జ్వరము, గాయమునుండి చీము, ఆగని రక్తము, వృషణమున తీవ్రమైన నొప్పి, కాలిపిక్క వాచుట – వీనిలో ఏది కలిగినను వెంటనే తిరిగి రావలెను.

పైన చెప్పిన హమాలీ ఆరునెలల తరువాత ఒకనాడు మాయొద్దకు మరల వచ్చెను. వెంట ఇంకొక యువకుడు తల వంచుకొని యుండెను. ఆ యువకుడు లోనికి రాగానే తలుపు మూయబోయెను. హమాలీ ఆతని చేయి పట్టుకొని, బయట కూర్చున్నవారికందరికి వినబడునట్లుగా, “మా తమ్ముడండీ, గజ్జలో ప్రేగు జారింది. నాలాగ దాచుకోకూడదని తీసుకొచ్చాను. పరీక్ష చేసేటప్పుడు మూసుకుందురుగాని, చెప్పడానికి తలుపెందుకండీ?” అనెను. తమ్మునికి మరుసటి వారమున ఆపరేషను జరిగెను. ఆ మరునాటి సాయంకాలమునకు అన్నదమ్ము లిరువురును నడచి బస్సుస్టాండుకు పోయిరి. సంచి మాత్రము అన్న మోసెను.