రెండు రకాల మితవాదం



మితవాదులందరినీ మనం ఒకే గాటన కడుతుంటాం. అది సరికాదు. హిందూ కోడ్ బిల్లును అడ్డుకున్నవారు ఆడబిడ్డకు ఆస్తిహక్కు, విడాకుల హక్కు వద్దన్నారు. అది సాంఘిక ఛాందసం. బిల్లు నిలిచిపోవడం ఒక ముఖ్య కారణంగా 1951లో అంబేద్కర్ మంత్రి పదవి వదిలారు. 1959లో రాజాజీ, మన ఎన్.జి. రంగా నడిపిన స్వతంత్ర పార్టీ తగువు వేరు: సహకార సేద్యం వద్దు, పర్మిట్లు, లైసెన్సులు వద్దు. అది ఆస్తిపరుల మితవాదం.

చామోర్షిలో బస్తాలు మోసే మనకు ఈ తేడా ఎందుకు? కులం పట్టింపు లేదనే నాయకుడే ఎనిమిది గంటల పనికి ఎసరు పెట్టవచ్చు. హమాలీ రేటు కోసం మనతో నిలబడ్డవాడే ఆడకూలీలు మీటింగుకు రాకూడదనవచ్చు. కనుక ఓటడిగే ప్రతివారినీ రెండు ప్రశ్నలూ అడుగుదాం: మా కూలి మాటేమిటి? మా ఆడవాళ్ళ హక్కు మాటేమిటి? ఒకదాని జవాబు రెండోదానికి చెల్లదు.