పుస్తకం రహస్యం కావచ్చు, కట్టుబాటు రహస్యం కారాదు



ఘట్‌కేసర్ చుట్టుపక్కల ఊళ్లలో పొదుపు సంఘాలు ఉన్నాయి. ప్రతి సంఘానికీ ఒక పుస్తకం ఉంటుంది. ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, అన్నీ అందులో రాస్తారు. ఆ రాత సంఘంలో అందరూ చూడాలి. ఎందుకంటే ఆ డబ్బు అందరిది.

కానీ ఒకామె అప్పు ఎందుకు అడిగిందో పుస్తకం రాసే ఆమెకు తెలుస్తుంది. బిడ్డకు జబ్బు కావచ్చు. ఇంట్లో కొట్లాట కావచ్చు. ఆ సంగతి నల్లా దగ్గర నలుగురికీ చెబితే ఏమవుతుంది? అప్పు తీసుకున్న ఆమె తలెత్తుకొని తిరగలేదు. రేపటినుంచి సంఘంలో ఎవరూ మనసు విప్పి మాట్లాడరు. అందుకే మంచి సంఘం కట్టుబాటు పెట్టుకుంటుంది. ఏది రాయాలి, ఎవరు చూడాలి, పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి, ముందే అనుకుంటుంది.

సర్కారు కూడా పుస్తకాలు రాస్తుంది. రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, పట్టా పాసుపుస్తకం. ఇవి కనబడే రాతలు. తప్పు ఉంటే దిద్దమని అడగవచ్చు. కనబడని రాతలు కూడా ఉన్నాయి. వాటిని నిఘా శాఖలు రాస్తాయి. నిఘా అంటే కనిపెట్టి చూడడం.

కేంద్ర సర్కారుకు ఇంటెలిజెన్స్ బ్యూరో ఉంది. అది 1887లో ఇంగ్లీషువాళ్ల కాలంలో పుట్టింది. తెలంగాణ పోలీసుల్లో స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో ఉంది. దాన్ని మావోయిస్టుల మీద కన్ను వేసి ఉంచడానికి పెట్టారు.

ఈ శాఖలు అవసరమా? అవసరమే. 2007 ఆగస్టు 25న హైదరాబాదులో లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలాయి. నలభై మందికి పైగా చనిపోయారు. ఇలాంటివి ముందే కనిపెట్టడానికే నిఘా ఉంది. కాబట్టి నిఘా వద్దనే మాట కాదు. నిఘాకు కట్టుబాటు ఉందా లేదా అన్నదే మాట.

కొందరు ఆడవాళ్లు అంటారు: "మాకు దాపరికం ఏముంది? మా మాట వింటే మాకేం పోతుంది?" స్నానం చేసేటప్పుడు తడిక అడ్డం పెట్టుకుంటారు గదా! తప్పు చేస్తున్నందుకు పెట్టుకుంటారా? కాదు. అది మనిషి మర్యాద. మాటకు కూడా అలాంటి తడిక కావాలి. పైగా, ఒక నాయకుడి ఫోను దొంగచాటుగా వింటే ఆయన మాట ఒక్కటే వినబడదు. పింఛను రాలేదని ఆయనకు ఫోను చేసిన ముసలమ్మ మాట కూడా వినబడుతుంది. మొగుడు కొడుతున్నాడని చెప్పుకున్న ఆమె ఏడుపు కూడా వినబడుతుంది.

దస్త్రం ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లదే. ఈ సంగతి తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. పటేల్, పట్వారీల కాలం చూసిన పెద్దవాళ్లను అడగండి. ఆ పద్ధతి 1984లో రద్దయింది. దస్త్రం పెత్తనం మాత్రం ఇంకా పోలేదు.

ఇప్పుడు కట్టుబాట్లు ఎలా వచ్చాయో చూద్దాం.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన ఉండేవాడు. ఆయన మీద దోపిడీ కేసు పెట్టారు. సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేరుతో ఒక షీటు తెరిచారు. రాత్రిపూట వచ్చి తలుపు కొట్టేవారు. నిద్ర లేపేవారు. ఆయన సుప్రీంకోర్టుకు పోయాడు. 1962లో కోర్టు తీర్పు చెప్పింది. రాత్రిళ్లు ఇంటికి వచ్చి తలుపు కొట్టడం చెల్లదన్నది. కానీ మనిషి సొంత బతుకును చాటుగా ఉంచుకోవడం హక్కు అని మాత్రం అప్పుడు ఒప్పుకోలేదు.

1980లో మరో తీర్పు వచ్చింది. దాన్ని రాసిన జడ్జి మన తెలుగువారే, ఓ. చిన్నపరెడ్డి గారు. పోలీసుల నిఘా పుస్తకం రహస్యమే అన్నారాయన. పేరు ఎక్కించే ముందు ఆ మనిషిని పిలిచి అడగనక్కర లేదన్నారు. కానీ ఎవరి పేరు పడితే వారి పేరు ఎక్కించరాదన్నారు. సరైన కారణం ఉండాలి. నిఘా పేరుతో మనిషిని పీడించరాదు. హద్దు దాటితే కోర్టుకు పోవచ్చు.

తర్వాత ఫోన్ల సంగతి. 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు మరో తీర్పు చెప్పింది. ఫోను వినడమంటే మనిషి సొంత బతుకులోకి చొరబడడమే, కట్టుబాటు లేకుండా వినరాదు అన్నది. ఆ కట్టుబాట్లు తర్వాత రూల్స్‌లోకి ఎక్కాయి. 2024 డిసెంబరులో పాతవాటి చోట కొత్త రూల్స్ వచ్చాయి. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

ఫోను వినాలంటే రాతపూర్వకంగా హుకుం ఉండాలి. రాష్ట్రంలో ఆ హుకుం హోం శాఖ కార్యదర్శి ఇవ్వాలి. అత్యవసరమైతే పెద్ద పోలీసు అధికారి ముందు విని, తర్వాత అనుమతి తీసుకోవాలి.

ఒక హుకుం 60 రోజులే పనిచేస్తుంది. పొడిగించినా మొత్తం 180 రోజులు దాటరాదు.

ప్రధాన కార్యదర్శి పెద్దగా ఒక కమిటీ ఉంటుంది. అది రెండు నెలలకు ఒకసారి కూర్చుని హుకుములన్నీ చూడాలి.

అవసరం తీరిన రికార్డులను ఆరు నెలలకు ఒకసారి చెరిపేయాలి.

కట్టుబాట్లు బాగానే ఉన్నాయి. మరి లోటు ఎక్కడ? హుకుం ఇచ్చేది సర్కారు మనిషే. చూసే కమిటీలో ఉన్నదీ సర్కారు మనుషులే. బయటి జడ్జి లేడు. పని అయిపోయాక కూడా, "అమ్మా, నీ ఫోను విన్నాం" అని ఎవరూ చెప్పరు. తెలియనివాడు ఎక్కడికి పోయి మొర పెట్టుకుంటాడు?

దీని కష్టం హైదరాబాదులోనే కనబడింది. 2023 డిసెంబరు 3న తెలంగాణ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. మర్నాడు రాత్రి స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో ఆఫీసులో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆ శాఖ అధికారే ఫిర్యాదు ఇచ్చాడు. హార్డ్ డిస్కు అంటే కంప్యూటరులో రికార్డులు దాచే పెట్టె. 2024 మార్చిలో పంజాగుట్ట ఠాణాలో కేసు నమోదైంది. రాజకీయ నాయకుల ఫోన్లు, మరి కొందరి ఫోన్లు అక్రమంగా విన్నారన్నది ఆరోపణ. ఆ డిస్కుల ముక్కలు నాగోలు వంతెన కింద మూసీలో దొరికాయని పత్రికలు రాశాయి. నాగోలు ఎంత దూరం? ఉప్పల్ పక్కనే గదా! ఆరోపణ వేరు, రుజువు వేరు. కోర్టు తేల్చేదాకా ఎవరినీ దోషి అనరాదు. కానీ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. రికార్డు చెరిపేయమన్న రూలు జనం మర్యాద కాపాడడానికి. అదే పని చాటుగా చేస్తే, తప్పు కప్పిపుచ్చడానికి కూడా అక్కరకొస్తుంది. అందుకే ఏది చెరిపారు, ఎప్పుడు చెరిపారు, ఎవరి హుకుంతో చెరిపారు అన్నది రాసి ఉండాలి.

జర్మనీ దేశంలో ఆడవాళ్లు ఇదే గుర్తుపట్టారు. తూర్పు జర్మనీలో స్టాసీ అనే నిఘా శాఖ ఉండేది. జనం గురించి రాసి పెట్టిన కాగితాలు వరుసగా పెడితే 111 కిలోమీటర్లు వచ్చాయి. ఘట్‌కేసర్‌లో బస్సెక్కితే ఇంచుమించు వరంగల్ దగ్గరిదాకా! 1989లో ఆ సర్కారు కూలిపోతుండగా ఎర్‌ఫర్ట్ పట్టణంలో స్టాసీ ఆఫీసు నుంచి పొగ లేచింది. కాగితాలు తగలబెడుతున్నారని ఆడవాళ్లు పసిగట్టారు. డిసెంబరు 4న వాళ్లే ముందు నడిచి, జనాన్ని కూడగట్టి, ఆ ఆఫీసులోకి పోయి ఆపారు. మిగతా పట్టణాలు వాళ్ల బాట పట్టాయి. తర్వాత అక్కడ చట్టం వచ్చింది. 1992 జనవరి నుంచి ఎవరి ఫైలు వారే చదువుకునే హక్కు దొరికింది.

ఇక్కడ అలాంటి చట్టం లేదు. ఇంటెలిజెన్స్ బ్యూరోకు పార్లమెంటు ప్రత్యేకంగా చేసిన చట్టమే లేదు. 2005 సమాచార హక్కు చట్టం నిఘా శాఖలను తప్పించింది. కానీ ఒక చిన్న తలుపు తెరిచి ఉంచింది. అవినీతి గురించి, మానవ హక్కుల ఉల్లంఘన గురించి అడిగితే ఆ శాఖలు కూడా జవాబు చెప్పాలి. 2023లో వ్యక్తిగత సమాచారం కాపాడే చట్టం చేశారు. అందులోనూ కేంద్రం తాను కోరిన సర్కారు సంస్థలను తప్పించే వీలుంది.

అయినా దారి మూసుకుపోలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలు ఒకే మాట చెప్పారు. సొంత బతుకు గోప్యత ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అన్నారు. ఖరక్ సింగ్‌కు 1962లో దక్కని మాట 55 ఏళ్లకు దక్కింది. సర్కారు ఆ హక్కులో చెయ్యి పెట్టాలంటే చట్టం ఉండాలి. సరైన అవసరం ఉండాలి. అవసరానికి మించి పోరాదు.

కోర్టుకు పోవడానికి డబ్బు లేదని ఆగవద్దు. ఆడవాళ్లకు, ఆదాయం ఎంతున్నా, ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టం చెబుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు రాసివ్వాలి. మొన్నటిదాకా వేలిముద్ర వేసిన చెయ్యి ఇప్పుడు ఆ దరఖాస్తు రాయగలదు.

నిఘా పుస్తకం రహస్యం కావచ్చు. దానికున్న కట్టుబాటు మాత్రం అందరూ చదవగలిగేలా ఉండాలి. చదవడం నేర్చుకున్న వాళ్లే ఆ మాట అడగగలరు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ సంఘం పుస్తకంలో ఏది అందరూ చూడాలి? ఏది చూడరాదు?

2. ఫోను వినడానికి హుకుం ఇచ్చేవారు, దాన్ని సరిచూసేవారు ఇద్దరూ సర్కారు మనుషులే అయితే వచ్చే చిక్కు ఏమిటి?

3. పాత రికార్డు చెరిపేయడం ఎప్పుడు మంచిది? ఎప్పుడు చెడ్డది?