ఓడ రాని వారం: దీవుల తిండి, కరెంటు గురించి ఒక స్మారకోపన్యాసం

ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆ ఆచార్యుల పాండిత్యాన్ని కొనియాడినవారు ఇంతకుముందే చాలామంది ఉన్నారు. వక్తకు గుర్తున్నది వేరే సంగతి. శిష్యులెవరైనా ఏడాది సగటుతో వ్యాసం రాసుకొస్తే ఆచార్యులు దాన్ని పక్కన పెట్టి, “మే నెల అంకె ఏది?” అని అడిగేవారు. ఈ ఉపన్యాసం ఆ ప్రశ్నకు రుణపడి ఉంది.

దీవుల్లో డీజిల్ ఖరీదు, అక్కడ గాలికీ ఎండకూ కొదవ లేదు అన్నవి సభలో అందరికీ తెలిసినవే. తగువంతా ఒక్క చోట ఉంది. ఒక దీవి తన కాళ్ల మీద తాను నిలబడిందని ఏ లెక్క చూసి నమ్మాలి?

డెన్మార్క్‌లోని సామ్సో పేరు ఈ చర్చలో ముందుగా వస్తుంది. 1997లో ప్రభుత్వం పెట్టిన పోటీలో గెలిచి పునరుత్పాదక ఇంధన దీవిగా ఎంపికైంది. పదేళ్లు తిరక్కుండా నేల మీద 11, సముద్రంలో 10 గాలిమరలు నిలిపింది. గడ్డి కాల్చి ఊళ్లకు వేడినీరు పంపింది. మరల్లో రైతులకూ మామూలు కుటుంబాలకూ వాటాలున్నాయి. ఊరివాళ్లను ఒప్పించడంలో అక్కడి ఉపాధ్యాయుడు సోరెన్ హెర్మాన్సెన్ పడ్డ శ్రమ మెచ్చదగింది. వక్త పేచీ అంతా సామ్సోకు తగిలించిన ‘నూరు శాతం పునరుత్పాదకం’ అన్న ముద్ర మీదే. గాలి వీచినప్పుడు మిగులు కరెంటు సముద్రగర్భంలోని కేబుల్ మీదుగా జట్లాండ్‌కు పోతుంది. గాలి ఆగితే కరెంటు అటునుంచి ఇటు వస్తుంది. వాహనాలూ పడవలూ తాగే చమురును సైతం ఈ ఎగుమతి కింద చెల్లు వేశారు. ఏడాది చివర జమాఖర్చు సరిపోతుంది.

పొరుగువాళ్లతో ఇచ్చిపుచ్చుకుంటే తప్పేమిటని ఎదుటి పక్షం అడుగుతుంది. తప్పేమీ లేదు. సామ్సోకు అది తెలివైన పనే. కానీ ఏ కేబులూ అందని దీవికి అదే లెక్కను నమూనాగా చూపితే అక్కడివాళ్లకు అన్యాయం చేసినట్టే.

కానరీ దీవుల్లోని ఎల్ హియెర్రోను చూడాలి. 2014లో మొదలైన అక్కడి కేంద్రంలో 11.5 మెగావాట్ల గాలిమరలున్నాయి. మిగులు కరెంటుతో నీటిని పాత అగ్నిపర్వత బిలంలోని జలాశయానికి ఎక్కిస్తారు. గాలి తగ్గినప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. 2019 వేసవిలో వరుసగా 24 రోజులు డీజిల్ కరెంటు అక్కర్లేకుండా గడిచింది. ఆ ఏడాది మొత్తం మీద మాత్రం పునరుత్పాదక వాటా సగానికి కాస్త పైనే. మొదటి అంకె చూసి జేజేలు కొట్టినవాళ్లున్నారు, రెండోది చూసి పథకం విఫలమైందన్నవాళ్లూ ఉన్నారు. పై జలాశయం 3,80,000 ఘనపు మీటర్లు పట్టినా కిందిది 1,50,000 మాత్రమే పడుతుందని, నిల్వకు హద్దు అక్కడే ఉందని ఇద్దరూ చూడలేదు. గంటగంటకూ లెక్క రాసుకున్న దీవికే తన లోటు ఎక్కడుందో తెలుస్తుంది.

స్కాట్లాండ్‌లోని ఎగ్ దీవి ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. 1997లో నేలను ఊరుమ్మడిగా కొనుక్కున్న ఈ దీవివాసులు 2008లో సొంత గ్రిడ్ వేసుకున్నారు. ఏ ఇల్లూ ఒకేసారి 5 కిలోవాట్లు దాటి వాడకూడదన్నది కట్టుబాటు. మిగులుంటే ఊరి హాలును వెచ్చబెడతారు. ఈ హద్దును లేమి అనేవారితో వక్త ఏకీభవించరు. గడ్డు వారం గట్టెక్కేది దానివల్లే.

తిండి దగ్గర ఈ సంగతి మరీ స్పష్టం. 2012లో న్యూజిలాండ్ సాయంతో టోకెలావ్‌లోని మూడు పగడపు దీవులూ సౌర విద్యుత్తుకు మారాయి, ప్రపంచం చప్పట్లు కొట్టింది. అక్కడ విమానాశ్రయం లేదు. బియ్యమూ పిండీ సమోవాలోని ఆపియా నుంచి ఓడలోనే రావాలి. అక్కడ నిజమైన ఆసరా పాత ఏర్పాటు: పట్టిన చేపను ఊరందరికీ సమంగా పంచే ‘ఇనాటి’. పక్కన తువాలులో మంచినీటి పొర తగిలేదాకా గోతులు తవ్వి, ఆకుల ఎరువు వేసి, ‘పులక’ అనే చేమజాతి దుంప పెంచుతారు. ఉప్పునీరు చేరితే ఆ గొయ్యి ఏళ్ల తరబడి పనికిరాదు.

అండమాన్‌కూ ఇదే బెడద. 2004 సునామీలో పల్లపు వరిపొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. కొన్నిచోట్ల నేలే కుంగింది. చెన్నై, విశాఖ రెండూ సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. 2011 జనగణన ప్రకారం అండమాన్-నికోబార్ దీవులవారిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. సౌర ఫలకాలు ఎన్ని మెగావాట్లో చెప్పే నివేదికలకు లోటు లేదు. తుఫానుకు ఓడ ఆగిన వారంలో శ్రీ విజయపురం (మునుపటి పోర్ట్ బ్లెయిర్) వంటింట్లో ఏం మిగులుతుందో చెప్పే కాగితం వక్తకు ఇంతవరకు కనబడలేదు.

వక్త ఇప్పుడు ఆ పట్టికే తయారుచేస్తున్నారు. నెలవారీగా కాదు, వారంవారీగా: బియ్యం, పప్పు, నూనె, డీజిల్, ఒక్కోదానికి ఒక్కో గడి. ఓడ ఆలస్యమైన ప్రతి వారానికీ పక్కన ఒక గుర్తు. సభికుల్లో ఎవరికైనా అండమాన్‌లో బంధువులుంటే, వాళ్లింట్లో పాత కిరాణా చిట్టాలు, రేషన్ కార్డులు దాచి ఉంచితే, నకళ్లు పంపమని వక్త మనవి.