తేలు ఎప్పుడు కదులుతుంది?



కోడుమూరులో నిలబడి తేలు గురించి మాట్లాడాలంటే నాకు కాస్త జంకుగానే ఉంది. శ్రావణమాసం మూడో సోమవారం కొండలరాయుడి కొండెక్కి, రాళ్లెత్తి తేళ్లను పట్టి స్వామికి సమర్పించే ఊరిది. తేలును మీ అంత దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. ఎవరి స్మృతిలో ఇక్కడ చేరామో ఆ మాస్టారు కూడా మాకు జీవశాస్త్రం తేలుతోనే మొదలుపెట్టారు. పాత కుండలో ఇసుక పోసి, అందులో ఒక మండ్రగబ్బను వదిలి, వెలుగు చొరకుండా పైన మందపాటి గుడ్డ కట్టారు. “లోపల పొద్దస్తమానం చీకటే. మరి రాత్రయిందని దీనికెవరు చెప్తారు?” అని అడిగారు. మేమెవరమూ నోరు విప్పలేదు. ఆ ప్రశ్నకు మనుషులు జవాబు వెతుక్కున్న కథే నేనివాళ చెప్పబోయేది.

1729లో ఫ్రాన్స్‌లో డి మైరాన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి లాంటి మొక్కను చీకట్లో ఉంచి చూశాడు. ఎండ తగలకపోయినా దాని ఆకులు పగలు విచ్చుకుని రాత్రి ముడుచుకున్నాయి. లోపల గడియారం ఉందన్న అనుమానం అక్కడ మొదలైంది. అది ఎక్కడ ఉంది, దేనితో తయారైంది అన్నది తేలడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది.

ఆ వెతుకులాటలో మన సీమకూ భాగముంది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడి జంతుశాస్త్ర విభాగంలో ఆచార్య కె. పంపాపతిరావు గారు పనిచేశారు. అంతకుముందు ఆయన సముద్రపు ఆల్చిప్పల మీద పరిశోధన చేసి, వాటిని తెచ్చి ప్రయోగశాల తొట్టిలో పెట్టినా తమ ఒడ్డున ఆటుపోట్ల వేళలకు తగ్గట్టే నీళ్లు తోడుతుంటాయని చూపినవారు. అలాంటి మనిషి మెట్టనేలకు వచ్చాక రాయి కింది తేలును చేతిలోకి తీసుకున్నారు. గడప అవతల దొరికే జీవినే ప్రశ్న అడగడం నాకు గొప్పగా తోస్తుంది. 1967లో ఆయన, టి. గోపాలకృష్ణారెడ్డి గారు కలిసి ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. రోజువారీ చలనపు లయలో రక్తం మోసుకెళ్లే పదార్థాల పాత్ర దాని విషయం. మరుసటి ఏడాది ఎస్.ఎ.టి. వెంకటాచారి, పి. మురళీకృష్ణదాస్ గార్లు తేలు నాడీదండంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైము చురుకుదనం రోజులో వేళను బట్టి పెరిగి తగ్గుతుందని రాశారు. ఒక నాడీకణం పక్కదానికి కబురు పంపాక ఆ కబురును తుడిచేసే ఎంజైమది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. చీకటి పడగానే తేలుకు “బయటికి పోదాం” అన్న నిర్ణయం తలలో ఒకచోట పుట్టి కాళ్లకు ఆజ్ఞగా వెళ్తుందని మనం అనుకుంటాం. తిరుపతి పరిశోధనల్లో కనిపించింది వేరు. రక్తం, నాడులు, ఎంజైములు అన్నీ వేళను బట్టి మారుతున్నాయి. అంటే ఆ నిర్ణయానికి ఒళ్లంతా సిద్ధమవుతోందన్నమాట.

ఆ లయకు మూలం కణం లోపలే ఉందని పండ్ల ఈగ చెప్పింది. 1971లో కాలిఫోర్నియాలో కొనోప్కా, బెంజర్ అనే పరిశోధకులు మూడు రకాల ఈగలను వేరుచేశారు. ఒకదానికి రోజంటే 19 గంటలు, ఇంకొకదానికి 28, మూడోదానికి లయే లేదు. మూడింట్లోనూ చెడింది ఒకే జన్యువు. ఆ జన్యువు తయారుచేయించే ప్రొటీను కణంలో పోగై, చివరికి తన జన్యువునే ఆపేస్తుంది. ప్రొటీను కరిగిపోయాక జన్యువు మళ్లీ మొదలవుతుంది. ఒక చుట్టు తిరిగేసరికి దాదాపు ఒక రోజు. ఈ యంత్రాంగాన్ని విప్పిన ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది.

బయటికొచ్చిన తేలు ఎటు తిరగాలి? దీనికి జవాబు అమెరికా మొహావీ ఎడారిలో దొరికింది. ఇసుకలో పురుగు కదిలితే పుట్టే అల సెకనుకు సుమారు 50 మీటర్ల వేగంతో వస్తుంది. ఒక కాలికి ముందు, ఎదుటి కాలికి రవ్వంత ఆలస్యంగా తగులుతుంది. ఫిలిప్ బ్రౌనెల్, రోజర్ ఫార్లీ 1979లో తేలును రెండు పలకల మీద నిలబెట్టి, ఒక పలకను కొంచెం ముందుగా కదిపి చూశారు. సెకనులో 5 వేలవ వంతు తేడా ఉన్నా చాలు, తేలు ముందు కదిలిన వైపుకే తిరిగింది. ఎనిమిది కాళ్లకు ఎనిమిది నాడీకణాలుంటాయనీ, అల ముందు తగిలిన కాలి కణం ఎదుటివైపు కణాల నోరు నొక్కేస్తుందనీ, మిగిలిన సంకేతాలన్నీ కలిసి దిక్కు తేలుస్తాయనీ 2000లో జర్మనీ భౌతికశాస్త్రజ్ఞులు లెక్కగట్టి చూపారు. రచ్చబండ దగ్గర తీర్పు తేలే తీరు గుర్తొచ్చింది నాకు.

కుట్టడం కూడా తేలు ఆచితూచి చేసే పనే. ఆఫ్రికాలోని ఒక తేలు మొదట నీళ్లలాంటి చవక ద్రవాన్ని వదులుతుందని, బెదిరింపు ఆగకపోతేనే చిక్కటి విషాన్ని తీస్తుందని 2003లో తేలింది. మన ఎర్రతేలు విషం మాత్రం గుండెను దెబ్బతీస్తుంది. కుట్టిందంటే, ముఖ్యంగా పిల్లలను, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. 1980లలో మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ రక్తపోటుకు వాడే ప్రజోసిన్ మాత్రతో ఎర్రతేలు కుట్టిన ఎందరినో బతికించారు.

మళ్లీ కుండ దగ్గరికి వస్తాను. ఆ సాయంత్రం మాస్టారు మమ్మల్ని ఇళ్లకు పంపలేదు. బుడ్డల చేలనుంచి బండ్లు తిరిగొస్తున్నాయి. గుడ్డ విప్పలేదు, దీపం పెట్టలేదు. ఒక్కొక్కరినే పిలిచి కుండకు చెవి ఆనించమన్నారు. నా వంతు వచ్చేసరికి బయట బాగా మసకబారింది. లోపల ఇసుక మీద కాళ్లు గీరుకుంటున్న సన్నటి చప్పుడు మొదలైంది.